మామగారి స్విస్ మూలాలు వెతికి పట్టుకున్నాను, ఇప్పుడు నోరు విప్పాలా వద్దా?

పేరూ ఇంటిపేరూ వేయవద్దని కోరుతూ అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరం ఇది. పెద్దదే, కుదించి చెబుతున్నాను.

ఆవిడది తెనాలి. మాడిసన్‌లో ఉద్యోగం. భర్త అమెరికన్. మామగారి ముత్తాత చిన్నపిల్లవాడిగా 1850ల్లో తల్లి వెంట స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) నుంచి వచ్చాడు. ఆ తర్వాతి తరాలన్నీ గ్రీన్ కౌంటీలో పాడి, చీజ్ తయారీ. మామగారికిప్పుడు ఎనభై దాటాయి. ఇంటిపేరు “ఫాన్” (జర్మన్‌లో von, ఫలానా చోటివాడని అర్థం) అని మొదలవుతుంది కాబట్టి తమది ఏదో కోటని ఏలిన ప్రభువుల వంశమని ఆ ఇంట్లో అందరి నమ్మకం. హాల్లో గోడకి వంశచిహ్నం ఒకటి ఫ్రేము కట్టి ఉంది: డాలు, దాని మీద ఎలుగుబంటి, కింద ఇంటిపేరు. ఎప్పుడో సంతలో కొన్నది.

“నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, మా ఊరేదో కనిపెట్టు” అని మామగారు అడిగితే ఈవిడ సరదాగానే మొదలుపెట్టారు. ఊరు దొరికింది. బెర్న్ ఆర్కైవ్స్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన చర్చి పుస్తకాల్లో 1840ల నాటి ఆ పిల్లవాడి బాప్తిస్మం కూడా దొరికింది. అందులో తండ్రి పేరు లేదు. తల్లి పేరు ఉంది, పక్కన పెళ్లి కాకుండా పుట్టినవాడని రాసి ఉంది. పిల్లవాడికి వచ్చింది తల్లి ఇంటిపేరే. అక్కడితో ఆగకుండా ఆ ఊరి కార్యాలయానికి ఉత్తరం రాస్తే, పాత గ్రామసభ మినిట్స్ నుంచి ఒక పేజీ స్కాన్ చేసి పంపారు. ఆ తల్లీబిడ్డల అమెరికా ప్రయాణానికి పేదల నిధి నుంచి డబ్బిచ్చినట్టు అందులో ఉంది.

వచ్చే వేసవిలో బంధువులందరూ ఒకచోట కలుస్తున్నారు. భర్త అక్కగారు, అంటే వదిన, అప్పటికి వంశచరిత్ర పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. అట్ట మీద ఆ ఎలుగుబంటి బొమ్మే. భర్త “నాన్నకి చెప్పొద్దు, వదిలేయ్” అంటున్నాడు. తెనాలి నుంచి అమ్మ “నదీమూలం, ఋషిమూలం అడగకూడదని ఊరికే అన్నారా?” అంటోంది. మామగారు మాత్రం ప్రతి ఆదివారం భోజనాల దగ్గర “ఏమైనా దొరికిందా?” అని అడుగుతున్నారు. “ఇంకా వెతుకుతున్నాను” అని ఈవిడ దాటేస్తున్నారు. చెప్పాలా, దాచాలా? వదిన పుస్తకాన్ని ఆపాలా? ఆ తండ్రి ఎవరో డీఎన్ఏ పరీక్షతో తేల్చవచ్చా? ఇవీ ప్రశ్నలు. చివర్న ఇంకో వాక్యం: “అసలే బయటి నుంచి వచ్చిన కోడల్ని. వాళ్ల పరువు తీశాననిపించుకోవడం నాకిష్టం లేదు.”

అమ్మా,

చెప్పాలా వద్దా అన్నది తర్వాత. ముందు మీ దగ్గరున్నది ఎంత గట్టిదో చూసుకుందాం. పాత కాగితాల్లో పేరు కనబడగానే ఆ సంబరంలో ఎవరి తాతనో మన తాతని చేసుకోవడం చాలా మామూలు. బెర్న్ పల్లెల్లో హాన్స్, క్రిస్టియాన్, యోహానెస్ అనే పేర్లు వీధికి ముగ్గురికి ఉండేవి, ఇంటిపేరూ ఒకటే. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడమూ ఉంది. కాబట్టి ఆ బాప్తిస్మం తర్వాతి ఏళ్ల మరణాల పుస్తకం కూడా తిరగేయండి. ఆ పిల్లవాడు అక్కడే పోయినట్టు లేకపోతే సగం బెంగ తీరినట్టే. ఆ తర్వాత “బుర్గర్‌రోడెల్” కోసం అడగండి. అది గ్రామ పౌరుల రిజిస్టరు, కుటుంబాల వారీగా రాసింది. పెళ్లిళ్లు, పిల్లలు, మరణాలు అన్నీ ఒకచోట కనబడతాయి, దేశం వదిలి వెళ్లిన సంగతి కూడా చాలాసార్లు పక్కన రాసి ఉంటుంది. పేదల నిధి పేజీలో తల్లి పేరూ బిడ్డ పేరూ కలిసి ఉన్నాయంటున్నారు కాబట్టి, మీరు సరైన మనిషినే పట్టుకున్నారని నాకు అనిపిస్తోంది. అయినా ఈ రెండూ చూశాకే నోరు విప్పండి.

ఒక చిన్న పల్లె ఇన్ని పుస్తకాలు ఎందుకు రాసి దాచిందో తెలిస్తే మీ సగం ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో పౌరసత్వం ముందు గ్రామానిది, ఆ తర్వాత కాంటన్‌ది, ఆ మీదట దేశానిది. ఇవాళ్టికీ స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు వేయరు. “హైమాట్‌ఓర్ట్” వేస్తారు, అంటే పూర్వీకులకి పౌరసత్వం ఉన్న ఊరు. పాస్‌పోర్టు పట్టుకున్నవాడు ఆ ఊరి పొలిమేర కూడా చూసి ఉండకపోవచ్చు. మనలోనూ ఊరి పేరే ఇంటిపేరై, ఆ ఊళ్లో ఒక్క గడపా మిగలని కుటుంబాలు బోలెడు. కాకపోతే మన ఊళ్లకి మన మీద ఏ బాధ్యతా లేదు, వాళ్ల ఊళ్లకి ఉండేది. పౌరుడు ఎక్కడ బతుకుతున్నా సరే, చితికిపోతే అన్నం పెట్టాల్సింది అతని హైమాట్‌ఓర్టే. ఆ రిజిస్టర్లు అంత శ్రద్ధగా రాసింది వంశాభిమానంతో కాదు. ఎవరి ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తెలియాలి కదా, అందుకు.

ఆ ఖర్చు భయమే పెళ్లిళ్ల దాకా వెళ్లింది. పేదవాళ్లు పెళ్లాడితే పిల్లలు పుడతారు, పిల్లలు పుడితే నిధి మీద భారం. అందుకని వాళ్ల పెళ్లికి ఊరే అడ్డుపడేది. నిధి నుంచి సాయం తీసుకుని తిరిగి కట్టలేనివాళ్లకి బెర్న్‌లో ఆ అడ్డంకి తప్పేది కాదు. పేదరికం సాకుతో పెళ్లి ఆపకూడదని దేశమంతటికీ నియమం వచ్చింది 1874 రాజ్యాంగంతోనే. మీ పిల్లవాడు పుట్టింది అంతకు ముప్ఫై ఏళ్ల ముందు. 1845 నుంచి బంగాళాదుంపల తెగులు పంటల్ని తినేసిన కరువు కూడా ఆ దశాబ్దంలోనిదే. అటువంటి రోజుల్లో తండ్రి గడి ఖాళీగా ఉందంటే తల్లికి ఆ తండ్రి ఎవరో తెలియదని కాదు. ఊరందరికీ తెలిసి ఉండొచ్చు. ఇద్దరూ పెళ్లికి సిద్ధపడి, అనుమతి దొరక్క ఆగిపోయి ఉండొచ్చు. మోసం చేసి పారిపోయినవాడూ అయి ఉండొచ్చు. ఆ ఒక్క గడి చూసి ఈ మూడింటిలో ఏదో చెప్పలేం.

తెలుసుకునే దారి మాత్రం ఉంది. బెర్న్ పల్లెల్లో చర్చికి అనుబంధంగా నీతి న్యాయస్థానం లాంటిది ఒకటి ఉండేది. 1831 దాకా దాన్ని “కోర్‌గెరిఖ్ట్” అన్నారు, తర్వాత పేరు మారి ఇంకొన్నాళ్లు నడిచింది. పెళ్లికాని ఆడపిల్ల గర్భవతి అయితే అక్కడ హాజరు కావాలి. పాతకాలంలో ఇంకా ఘోరం: పురిటినొప్పుల మధ్య పెద్దమనుషులు మంచం పక్కన నిలబడి “తండ్రెవరు?” అని అడిగేవాళ్లు. ఆ బాధలో అబద్ధం చెప్పదని వాళ్ల లెక్క. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. కానీ పేదింటి ఆడవాళ్లు అన్న మాటలు రాసి ఉన్న కాగితాలు ఆ కాలానివి ఇంకెక్కడున్నాయి? ఆ ఊరికి ఆ ఏళ్లవి మిగిలి ఉన్నాయేమో ఆర్కైవ్స్ వాళ్లని అడిగి చూడండి.

ఇంకొకటి. మీరు పంపిన స్కాన్‌లో మీరు దాటేసిన వరస ఉంది: బాప్తిస్మ సాక్షులు. మగపిల్లవాడైతే ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి నిలబడటం బెర్న్ ఆచారం. ఈ పిల్లవాడికీ ముగ్గురూ ఉన్నారు. అందులో ఒకతని ఇంటిపేరు తల్లి ఇంటిపేరే. అన్నో తమ్ముడో, చిన్నాన్న కొడుకో, ఎవరైతేనేం, చర్చిలో అందరి ముందూ ఆ బిడ్డ కోసం నిలబడ్డాడు. పుట్టింటివాళ్లు ఆ పిల్లని వదిలేయలేదన్నమాట. మామగారికి చెప్పేటప్పుడు ఈ వరసని మాత్రం దాటేయకండి.

పేదల నిధి డబ్బుతో ప్రయాణం అంటే మీ వారికి అది చేదుగా ఉందని రాశారు. ఆ రోజుల్లో అది ఎంత మామూలంటే, ఆర్గౌ కాంటన్‌లో ఇప్పుడు రోత్‌రిస్ట్ అనే ఊరు 1855లో ఒక్కసారే 305 మందిని సొంత ఖర్చుతో అమెరికా పంపేసింది. ఏళ్ల తరబడి పోషించే కంటే ఓడ టికెట్టు చవక కదా. అది దయ అని నేను అనను. కానీ ఆ తల్లికి ఉన్న రెండో దారి ఏమిటో కూడా చూడండి. పెళ్లికాని పేద తల్లి బిడ్డని చాలాసార్లు ఊరే తీసుకెళ్లి ఏదో రైతు ఇంట్లో పనికి పెట్టేది. కొన్నిచోట్ల వేలం పాట కూడా ఉండేది, పోషణకి ఎవరు తక్కువ డబ్బు అడిగితే వాళ్లకే బిడ్డ. వాళ్లని “ఫెర్డింగ్‌కిండర్” అనేవారు. ఆ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా సాగింది. 2013లో స్విస్ ప్రభుత్వం తరఫున మంత్రి సిమొనెట్టా సొమరుగా బాధితులకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2017లో అమల్లోకి వచ్చిన చట్టం బతికున్న బాధితులకి తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చింది. మామగారి ముత్తాత ఆ జాబితాలోకి వెళ్లకుండా తల్లి చెయ్యి పట్టుకుని ఓడెక్కాడు.

ఇక “ఫాన్” సంగతి. ఇది అసలు మీ రహస్యంతో ముడిపడినదే కాదు, మీరే రెండూ కలిపేసుకుని బెంగపడుతున్నారు. జర్మనీలో ఆ మాట ఉంటే ప్రభువుల ఇంటివాడని అనుకోవడానికి వీలుంది. స్విట్జర్లాండ్‌లో ఆ భరోసా లేదు. లౌటెర్‌బ్రున్నెన్ లోయలో ఫాన్ ఆల్మెన్‌లు, తూన్ సరస్సు ఒడ్డున సిగ్రిస్‌విల్‌లో ఫాన్ గున్టెన్‌లు ఉన్నారు. పచ్చిక బీడు పక్క ఇల్లనో, ఫలానా పల్లెవాళ్లనో చెప్పే పేర్లవి. ఆవుల్ని మేపుకున్న కుటుంబాలు. బెర్న్‌ని నిజంగా ఏలిన ఎర్లాఖ్, గ్రాఫెన్‌రీడ్ లాంటి ఇళ్లూ ఉన్నాయి, కాదనను. తమాషా ఏమిటంటే, పరిపాలనకి అర్హత ఉన్న కుటుంబాలన్నీ కావాలంటే “ఫాన్” తగిలించుకోవచ్చని 1783లో బెర్న్ నగరమే అనుమతి ఇచ్చింది. అంటే అక్కడి దొరలు కొందరికి ఆ మాట మీ మామగారి పూర్వీకుల కంటే ఆలస్యంగా వచ్చి ఉండొచ్చన్నమాట!

మీ ఇంటిపేరు ఎక్కడిదో తేల్చుకోవడానికి స్విస్ ఇంటిపేర్ల పుస్తకం ఉంది, స్విట్జర్లాండ్ చారిత్రక నిఘంటువు వెబ్‌సైటులో చూడొచ్చు. 1962 నాటికి ఏ ఇంటిపేరువాళ్లకి ఏ గ్రామంలో పౌరసత్వం ఉందో అందులో ఉంటుంది. ఊరి పక్కన “ఏ” గుర్తు ఉంటే 1800కి ముందు నుంచీ అక్కడివాళ్లే. మీ ఊరి పక్కన ఆ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే, రెండు వందల ఏళ్లకి పైగా ఒకే ఊరి మనుషులని మామగారికి ధైర్యంగా చెప్పొచ్చు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. దాచేస్తే ఏమవుతుంది? కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఆ చర్చి పుస్తకాలు మీకొక్కరికే తెరుచుకోలేదు. వదిన పుస్తకంలో ఊరి పేరు అచ్చయిన మర్నాడు, బంధువుల్లో తీరిక ఉన్న ఏ కుర్రాడైనా ఆ పేజీ తెరుస్తాడు. అప్పుడు వచ్చే ప్రశ్న ముత్తాత గురించి కాదు, మీ గురించి: “నీకు తెలిసీ చెప్పలేదా?” మీరు భయపడుతున్న మాట చెప్పడం వల్ల కంటే దాచడం వల్లే రావచ్చు.

బంధువులందరి ముందూ వేసవిలో బయటపెట్టడం రెండో దారి. అది వద్దు. ఎనభై దాటిన మనిషి తన ఇంటి సంగతి పదిమంది మధ్యలో మొదటిసారి వినకూడదు, అది ఎంత మంచి కబురైనా సరే.

మీ వారొక్కరే తండ్రితో చెప్పడం మూడోది. కొడుకు కాబట్టి చనువు ఉంటుంది. కానీ ఆయనకి ఇది సిగ్గుపడాల్సిన సంగతిగా తోస్తోందని మీరే రాశారు. ఆ మనసుతో చెబితే వినే మనిషికీ అలాగే వినబడుతుంది. పెళ్లి అనుమతుల సంగతి, సాక్షుల వరస, ఇవన్నీ ముందు ఆయనకి మీరు చెప్పాలి. ఆయన మనసు మారకుండా మామగారి దాకా వెళ్లవద్దు. ఆయన ససేమిరా అంటే అప్పటికి ఆగండి. మామగారి ముందు భర్తని అబద్ధాలకోరుని చేసి మీరు సాధించేది ఏమీ లేదు.

నాకు తోచినది ఇద్దరూ కలిసి, కాస్త కాస్తగా చెప్పడం. మొదటిరోజు ఊరు మాత్రమే. మ్యాపు, చర్చి ఫొటో, ఉంటే ఇంటిపేర్ల పుస్తకంలోని ఆ “ఏ” గుర్తు. ఆయన అడిగింది అదే కదా. తర్వాత “ఆ అబ్బాయి తల్లి గురించి కూడా కాగితాలు దొరికాయి, కొంచెం కష్టమైన రోజులవి, వింటారా?” అని అడిగి ఆగండి. వద్దంటే అక్కడితో సరి, మళ్లీ కదపకండి. వినే హక్కు ఎలాగో, వినకుండా ఉండే హక్కు కూడా ఆయనదే. సరే అంటే ఆ పేజీ ఆయన చేతికే ఇవ్వండి. మీరు చదివి వినిపించండి, పెళ్లి ఎందుకు జరగకపోయి ఉండొచ్చో చెప్పండి. తెలిసినంతే చెప్పండి. తండ్రి మంచివాడనో చెడ్డవాడనో కథ అల్లకండి.

ఇందులో ఒక చిన్న అనుమానం నాకుంది. ప్రతి ఆదివారం వదలకుండా అడిగే పెద్దమనిషికి లోపల ఏదో తెలిసే ఉండవచ్చు. చిన్నప్పుడు నాయనమ్మ నోట జారిన మాటో, పెద్దాళ్లు గుసగుసగా అనుకున్నదో. అలాంటివి ఆ తరం బయటికి అనదు, ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తుంది. నా ఊహ తప్పు కావచ్చు. అయితే “ఇంకా వెతుకుతున్నాను” అన్న జవాబు మాత్రం ఇక మానేయండి. “దొరికింది, ఒకటి రెండు సరిచూసుకుని తెస్తాను” అనండి. అది అబద్ధం కాదు.

డీఎన్ఏ గురించి. వీలవుతుంది, కానీ తొందర వద్దు. ఆ తెలియని మనిషి మామగారికి నాలుగు తరాల పైవాడు, ఆయన డీఎన్ఏలో అతని వాటా సుమారు పదహారో వంతు. మీ వారిలో అందులో సగం. కాబట్టి పరీక్ష అంటూ చేయిస్తే మామగారిదే చేయించాలి, అది ఆయన ఇష్టపడితేనే. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. మధ్యలో అందరూ కొడుకులే కాబట్టి, ఆ మనిషి మగసంతతిలో ఇంకెవరైనా పరీక్ష చేయించుకుని ఉంటే అతని ఇంటిపేరు బయటపడవచ్చు. ఎవరూ చేయించుకుని ఉండకపోతే ఏమీ తేలదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ పరీక్ష 1840ల దగ్గరే ఆగమంటే ఆగదు. బతికున్నవాళ్లలో ఎవరు ఎవరికి సగం అన్నదమ్ములో కూడా చెప్పేస్తుంది. చర్చి పుస్తకాల్లో ఇంకా చూడాల్సింది ఉండగా దాని జోలికి ఎందుకు?

మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ భయం నదుల గురించి కాదు, అల్లుడింట్లో మీ గురించి. మీరు బయటి మనిషినని రాసిన వాక్యానికీ అదే జవాబు. మామగారు ఈ పని కూతురికి కాక మీకు అప్పగించారు. ఆ పాత జర్మన్ గిలుకు రాతలో “యు”కీ “ఎన్”కీ తేడా పట్టుకోవడం ఆ ఇంట్లో నేర్చుకున్నది మీరొక్కరే అని కూడా రాశారు.

మిగిలింది వదిన పుస్తకం. దాన్ని ఆపనక్కర్లేదు, అట్ట మారితే చాలు. ఇందుకోసం ముత్తాత పుట్టుక గురించి ఒక్క మాటా ఎత్తే పని లేదు. ఎలుగుబంటి బెర్న్ కాంటన్ గుర్తు. సంతల్లో అమ్మేవాళ్లు చాలాసార్లు అలాంటి బొమ్మ కింద ఏ ఇంటిపేరు కావాలంటే ఆ పేరు రాసిస్తారు. స్విట్జర్లాండ్‌లో దొరలకే కాదు, రైతు కుటుంబాలకీ వంశచిహ్నాలు ఉన్నాయి, కాబట్టి ఫలానా ఊరి ఫలానా కుటుంబానికి నమోదైనది ఉందేమో బెర్న్ ఆర్కైవ్స్‌ని అడగవచ్చు. లేదంటే స్విస్ గ్రామాలకి దేనికి దానికి సొంత చిహ్నం ఉంటుంది. మీ ఊరిది వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు, వదినకీ అందమైన అట్ట దొరుకుతుంది. కోట కథ ఉన్న మొదటి పేజీలో “మా పెద్దలు చెప్పుకునేవారు” అని ఒక్క మాట చేర్చమనండి. ఆర్కైవ్స్ నుంచి జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు, అందుకని పుస్తకం ప్రెస్సుకి ఎప్పుడు వెళుతుందో వదినకి ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి.